మనకు మనమే జవాబుదారులం: ఒక సంఘ పెద్ద అనుభవ పాఠాలు

ఈ ఏడు మన సంఘం కొత్త డీకన్లను ఎన్నుకుంది. వాళ్లలో సగం మంది ఒకప్పుడు నా దగ్గర సండే స్కూల్లో కూర్చున్న పిల్లలే. రిజిస్టర్లు, మినిట్స్ పుస్తకాలు, బీరువా తాళాలు అన్నీ వాళ్లకు అప్పజెప్పాను. పుస్తకాల్లోకి ఎక్కనివి కొన్ని నా దగ్గరే మిగిలిపోయాయి. అవి కూడా అప్పజెప్పితే గానీ నా పని పూర్తి కాదు.

మనది గుండ్లకమ్మ వైపు పల్లెలో ఒక చిన్న బాప్టిస్టు సంఘం. పొగాకు, శనగ చేలల్లో కూలికి పోయేవాళ్లు, నాలుగెకరాలు కౌలుకు చేసుకునేవాళ్లు, ఇద్దరు ముగ్గురు టీచర్లు, హైదరాబాదు నుంచి పండగలకు వచ్చే పిల్లలు, ఇంతే మనం. ఆదివారం మందిరం సగం నిండితే సంతోషం. నేను బడిపంతులుగా చేసి రిటైరైనవాణ్ని. సంఘంలో సండే స్కూలు టీచరుగా మొదలై, డీకనునై, చాలా ఏళ్లు కార్యదర్శిగా ఉన్నాను. ఎందరో అయ్యగార్లు వచ్చారు, వెళ్లారు. నేను మాత్రం ఉండిపోయాను. ఒకేచోట ఉండిపోయినవాడికి పెత్తనం తెలియకుండానే అలవాటవుతుంది. నేను చేసిన పొరపాట్లలో చాలావాటికి మూలం అదే. మీకూ ఆ కుర్చీ దక్కింది కాబట్టి చెబుతున్నాను, వినండి.

1. పైన బిషప్పు లేడు గనుకే పక్కవాడికి జవాబు చెప్పాలి.

సీఎస్ఐ వాళ్లకు డయాసిస్ ఉంది, బిషప్పు ఉన్నాడు. మన పద్ధతి వేరు. కాపరిని పిలుచుకునేది, డీకన్లను ఎన్నుకునేది, బాప్తిస్మం కోరినవాళ్లను సభ్యులుగా చేర్చుకునేది బాప్టిస్టు సూత్రం ప్రకారం ఆ ఊరి సంఘమే. 1962లో ఏర్పడిన మన తెలుగు బాప్టిస్టు సంఘాల సమావేశమైనా సంఘాలన్నీ కలిసి నడవడానికి పెట్టుకున్నదే. ఇంత స్వేచ్ఛ మరెక్కడా లేదని యవ్వనంలో గర్వపడేవాణ్ని. ఆ స్వేచ్ఛ సంఘానిది, నాది కాదన్న సంగతి ఆలస్యంగా తెలిసింది. ఒకసారి కొత్త అయ్యగారిని పిలవాల్సి వచ్చింది. జనరల్ బాడీకి ముందురోజు రాత్రే నలుగురం డీకన్లం మా వసారాలో కూర్చుని ఎవరిని పిలవాలో తేల్చేసుకున్నాం. మర్నాడు ఆరాధన అయ్యాక పేరు చదివాను. "సమ్మతమైనవాళ్లు చేతులెత్తండి" అన్నాను. అందరూ ఎత్తారు. ఎవరూ ఏమీ అడగలేదు. దాన్ని ఐకమత్యం అని మినిట్స్‌లో రాసుకున్నాను. ఆ అయ్యగారికి మొదటి కష్టం వచ్చినప్పుడు ఇల్లిల్లూ తిరిగి సాయం అడిగితే అందరి నోటా ఒకటే మాట: "మీరు తెచ్చుకున్న అయ్యగారే గదండీ!" తప్పు జనానిది కాదు. వాళ్ల చేతులను వాడుకున్నాం గానీ వాళ్ల మాట వినలేదు. ఆయన మంచి మనిషి, మనసు విరిగి వెళ్లిపోయాడు. జనరల్ బాడీలో ఎవరూ నోరు విప్పకపోతే తీర్మానం వాయిదా వేయండి. వారం ఆగితే కొంపలేమీ మునగవు.

2. చదివి వినిపించని లెక్క నిజాయితీపరుణ్ని కూడా దొంగను చేస్తుంది.

మన కానుక సంచిలో పడేది ఎంతని! పది రూపాయల నోట్లు, చిల్లర, అక్కడక్కడా ఓ వంద. దానికితోడు స్త్రీల సమాజం వాళ్లు పోగుచేసే పిడికెడు బియ్యం. ప్రతి ఇల్లాలూ అన్నం వండేముందు ఓ పిడికెడు తీసి విడిగా డబ్బాలో పోస్తుంది. నెలకోసారి ఆ డబ్బాలన్నీ మందిరానికి చేరతాయి, కొలిచి అమ్ముతారు. ఇంత చిన్న మొత్తాలకు ఓచర్లేమిటి, ఆడిట్ ఏమిటి అనుకున్నాను. మా కోశాధికారి పైసా ముట్టని మనిషి. ఆయనకు సంచి అప్పగించి, లెక్క ఆయనకు వదిలేశాను. ఆయన చిన్న డైరీలో పెన్సిలుతో రాసుకునేవాడు. కొన్నేళ్లు పోయాక ఆయన కూతురి పెళ్లి ఘనంగా జరిగింది. ఊళ్లో గుసగుస మొదలైంది. డైరీలో కొన్ని పేజీలు తడిసి చెరిగిపోయాయి, చూపించడానికి ఓచర్లు లేవు. ఆయన తీశాడని రుజువు కాలేదు, తీయలేదనీ రుజువు కాలేదు. మరుసటి ఆదివారం నుంచి ఆయన మందిరానికి రావడం మానేశాడు. చనిపోయేదాకా రాలేదు. ఆయన్ని నమ్మాననుకున్నాను గానీ, నిజానికి ఒంటరిగా వదిలేశాను. సంచి ఇద్దరు కలిసి లెక్కపెట్టాలి, ఇద్దరూ సంతకం చేయాలి, డబ్బు సోమవారానికల్లా బ్యాంకులో పడాలి. ప్రతి నెలా రాబడి, ఖర్చు పైకి చదవాలి. బల్బు కొన్న ఖర్చు కూడా చదవాలి. వినేవాళ్లకు విసుగొచ్చినా ఫరవాలేదు. లెక్క రాయడమంటే కోశాధికారి పరువుకు కాపలా కాయడం.

3. నీళ్లలోకి దించడానికి తొందరపడకండి.

మన ప్రాంతంలో బాప్తిస్మం మాట వస్తే అందరూ 1878 గురించి చెబుతారు. ఆ ఏడు జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను చిన్నప్పటి నుంచి మనకు నూరిపోశారు. దాని వెనకున్న సంగతి మాత్రం తక్కువమంది చెబుతారు. అంతకుముందు ధాత కరువు వచ్చింది. జనం ఆకలితో రాలిపోతుంటే ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్ల పైచిలుకు కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. ఆ రోజుల్లో జనం బాప్తిస్మం ఇమ్మని అడిగినా ఆయన ఇవ్వలేదు. కూలి కోసం, గింజల కోసం వస్తున్నారేమోనన్న అనుమానానికి తావివ్వకూడదని పనులు ముగిసేదాకా ఆగాడు. ఆ తర్వాతే నదిలోకి దించారు. ఆ రోజు బాప్తిస్మాలు ఇచ్చింది కూడా ఆయన కాదు, తెలుగు బోధకులు. ఆరుగురు వంతులవారీగా ఇద్దరేసి చొప్పున నీళ్లలోకి దిగి ఇచ్చారు.

నేను ఆ సంఖ్యను గుర్తుపెట్టుకున్నాను, ఆగడాన్ని మరిచిపోయాను. ఏటా ఫీల్డు సభల్లో ఏ సంఘంలో ఎన్ని బాప్తిస్మాలని చదివేవారు. మన అంకె తక్కువైతే నాకు తలకొట్టేసినట్టుండేది. అందుకని సభలకు ముందు పిల్లల్ని పోగుచేసి పేర్లు రాయించేవాణ్ని. పెళ్లి కుదిరి, మందిరంలో చేయాలంటే బాప్తిస్మం ఉండాలన్నారని శుక్రవారం వచ్చి శనివారం మునిగినవాళ్లున్నారు. పెళ్లి ఫోటోల్లో తప్ప మళ్లీ వాళ్లు మందిరంలో కనబడలేదు. చిన్నపిల్లలకు కాకుండా తెలిసి విశ్వసించినవాడికే బాప్తిస్మం అన్నది మన సంఘాల పునాది. తెలియనివాడిని పద్దెనిమిదేళ్లకు ముంచినా ఆ పునాదిని తప్పినట్టే. కొన్ని నెలలు కూర్చోబెట్టి నేర్పండి, ప్రశ్నలడగనివ్వండి. "ఇప్పుడు కాదండీ" అన్నవాణ్ని మెచ్చుకోండి. వాడు తెలిసి మాట్లాడుతున్నాడు.

4. రిజిస్టరు కంటే మనిషి పెద్ద.

ఈ పాఠం రాయడం కష్టం, కానీ రాయాలి. 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకే ఎస్సీ హోదా. తర్వాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. ఎస్సీల్లోంచి క్రైస్తవులైనవాళ్లు మన దగ్గర బీసీ-సీ కింద వస్తారు. దీని అర్థం మన పల్లెల్లో అందరికీ తెలుసు. తండ్రి తాతల కాలం నుంచి మందిరానికి వచ్చే కుటుంబం కాగితం మీద ఒకటి, ఆదివారం మరొకటి. ఒక కుర్రాడు డిగ్రీ పూర్తి చేసి ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుంటూ, సభ్యత్వ రిజిస్టరులో తన పేరు రాయవద్దని నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు. నేను మాత్రం మెల్లగా చెప్పలేదు. మరుసటి ఆదివారం ప్రకటనలు చదువుతూ, ప్రభువు పేరు చెప్పుకోవడానికి సిగ్గుపడేవాళ్ల గురించి నాలుగు మాటలు వడ్డించాను. పేరెత్తలేదు. ఎత్తాల్సిన అవసరమూ లేదు, అందరి తలలూ అతని వైపే తిరిగాయి. వాళ్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్లిపోయింది.

చట్టం పెట్టిన ఇరకాటాన్ని నేను ఒక కూలివాడి కొడుకు మెడకు చుట్టాను. నాకప్పటికే ఉద్యోగం ఉంది, పెన్షన్ రాబోతోంది. ధైర్యం గురించి మాట్లాడటం నాకు సులువు. అబద్ధం చెప్పమని నేను మీకు నేర్పడం లేదు. ఆ ఇంటి భారం ఏమిటో ఒక సాయంత్రం వాళ్ల గడపలో కూర్చుని తెలుసుకోకుండా వేదిక మీంచి తీర్పు చెప్పకండి. ఈ నేలమీద సంఘం ఎవరితో మొదలైందో మరవకండి. 1866లో తాళ్లకొండపాడు నుంచి వచ్చి బాప్తిస్మం పొందిన ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం చేసుకునే మాదిగ. బంధువుల ఊళ్లన్నీ తిరిగి సువార్త చెప్పింది ఆయనే. మాదిగలను చేర్చుకుంటే పై కులాలవాళ్లు రారని ఒంగోల్లో కొందరు చెప్పినా క్లౌ దంపతులు వాళ్లనే చేర్చుకున్నారు. తలుపు తెరిచినందువల్ల పుట్టిన సంఘం మనది. తలుపు దగ్గర నిలబడి కాగితాలు అడిగే పని మనది కాదు.

5. బల్ల దగ్గర పాత బాకీలు తీర్చుకోకండి.

నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల. తెల్లగుడ్డ కప్పిన పళ్లెం, రొట్టె ముక్కలు, చిన్న గ్లాసుల్లో ద్రాక్షరసం. డీకన్లు వరసల వెంట అందిస్తారు. సంఘం ఎవరినైనా క్రమశిక్షణలో పెడితే ఆ పళ్లెం వాళ్ల ముందు ఆగకుండా వెళ్లిపోతుంది. బయటివాళ్లకు అది చిన్న విషయంగా కనబడవచ్చు. ఆ వరసలో కూర్చున్నవాళ్లకు అంతకంటే పెద్ద శిక్ష లేదు. ఒక విధవరాలి కూతురు ఇంట్లో చెప్పకుండా వేరే మతస్థుణ్ని పెళ్లి చేసుకుంది. తల్లి పెంపకం సరిలేదని తీర్మానించి ఆమెను బల్లకు దూరం పెట్టాం. ఆ తీర్మానం రాసింది నేను. అదే కాలంలో మాలో ఒక డీకను తాగి వచ్చేవాడని ఊరందరికీ తెలుసు. అతని మీద తీర్మానం రాలేదు. అతనిది పెద్ద కుటుంబం, చందా కూడా పెద్దదే. ఆమె మాత్రం బల్లకు దూరంగా ఉన్నన్నాళ్లూ ప్రతి ఆదివారం వచ్చి వెనక తలుపు పక్కన చాప మీద కూర్చునేది. పళ్లెం వచ్చినప్పుడు తల వంచుకునేది.

తప్పు చేసినవాడి దగ్గరికి ముందు ఒంటరిగా వెళ్లాలి, వినకపోతే ఒకరిద్దరిని తీసుకెళ్లాలి, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పాలి. మత్తయి 18వ అధ్యాయంలో ఉన్న వరస ఇది. మేము మూడో మెట్టు దగ్గర మొదలుపెట్టాం. మొదటి రెండు మెట్లూ ఎక్కి ఉంటే, ఆమె అప్పటికే ఎంత ఏడ్చిందో తెలిసేది. క్రమశిక్షణ వద్దనడం లేదు. అది డీకను ఇంటి నుంచి మొదలు కాకపోతే విధవరాలి ఇంటికి వెళ్లే అర్హత దానికి లేదు.

6. గోడలు లేచేటప్పుడే మనుషులు విడిపోతారు.

మన పాత మందిరం పెంకుటిల్లు. వానాకాలం గిన్నెలు పెట్టేవాళ్లం. శ్లాబు వేయాలన్న కోరిక తప్పు కాదు. విదేశంలో స్థిరపడ్డ మన ఊరివాళ్లొకరు పెద్ద మొత్తం పంపుతామన్నారు. ముఖద్వారం మీద వాళ్ల నాన్నగారి పేరు చెక్కిన పాలరాయి ఉండాలన్నారు. ఇంకో కుటుంబం వాళ్లది పాత స్థలం, వాళ్లకు మరో చోట రాయి కావాలి. ఎవరి రాయి ఎక్కడ, ఎంత వెడల్పు అన్న దాని మీద కమిటీ ఎన్నో రాత్రులు కూర్చుంది. నేనే అధ్యక్షత వహించాను. కూలిపని చేసి యాభై రూపాయలిచ్చినవాళ్ల పేర్లు ఏ రాతి మీదా ఉండవని ఆ రాత్రుల్లో ఒక్కసారి కూడా నాకు తట్టలేదు. చివరికి శ్లాబు పడింది, సంఘం రెండయింది. విడిపోయినవాళ్లు రోడ్డుకు అవతల రేకుల షెడ్డు వేసి వేరే పేరుతో మైకు పెట్టుకున్నారు. ఆదివారం పొద్దున్న ఒకరి పాట ఒకరికి వినబడకుండా సౌండు పెంచుకుంటూ పోయాం. మళ్లీ ఏ పనికైనా చందాలు ఎత్తితే పేర్లు చెక్కించకండి. ఇచ్చినవాళ్ల లెక్క పుస్తకంలో ఉంటే చాలు. స్థలం కాగితాలు సంఘం పేరున సరిగ్గా ఉన్నాయో లేదో మాత్రం ఇప్పుడే చూసుకోండి. ఈ జిల్లాల్లో మిషన్ నాటి ఆస్తుల మీద నడిచిన కోర్టు వ్యవహారాలకు ఖర్చయిన డబ్బుతో, కాలంతో ఎన్ని బడులు నడిచేవో!

7. అయ్యగారి ఇంట్లో పొయ్యి సంగతి అడిగి తెలుసుకోండి.

ఆయన మిమ్మల్ని అడగడు. అడిగితే విశ్వాసం తక్కువంటారని భయం. ఒక అయ్యగారికి మేమిచ్చే జీతం ఆయన పిల్లల ఫీజులకు కూడా చాలేది కాదు. పెంచమని డీకన్ల కూడికలో ఒకరంటే, "సేవ గదా, ఉద్యోగమా?" అన్నాను. అదే ఏడు కీబోర్డు, రెండు పెద్ద సౌండు బాక్సులు కొన్నాం. అమ్మగారు స్త్రీల కూడికలు నడిపేది, పిల్లలకు వాక్యాలు నేర్పేది, పురుళ్లకు, చావులకు అందరికంటే ముందు వెళ్లేది. ఆమెకు జీతమన్న ఊహే మాకు రాలేదు. ఒకరోజు పనిమీద పొరుగూరు వెళ్తే, అక్కడ శనగ చేలో కూలీల మధ్య ఆమె కనబడింది. నన్ను చూసి ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. మన ఊళ్లో పనికి వెళ్తే సంఘానికి తలవంపులని పొరుగూరు వెళ్లిందట. తలవంపులు ఎవరికో అప్పుడు తెలిసింది. జీతం ఒకటో తారీకున ఇవ్వండి. ఏటా పెంచండి. కీబోర్డు ఆ తర్వాత.

8. సంఘాన్ని మోసేవాళ్లు ముందు కుర్చీల్లో ఉండరు.

ఒంగోల్లో ప్రార్థన కొండ ఉంది. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఆ కొండెక్కి ఈ ప్రాంతం కోసం ప్రార్థించినవాళ్లు అయిదుగురు. మిషనరీ జ్యూవెట్ దొర, ఆయన భార్య, ఒక తెలుగు సహోదరుడు, జూలియా, రూతు అనే ఇద్దరు తెలుగు స్త్రీలు. అయిదుగురిలో ముగ్గురు ఆడవాళ్లే. ఆ కథ ఏటా జనవరిలో చెప్పుకుంటూ కూడా, మన డీకన్ల జాబితాలో ఒక్క స్త్రీ పేరు ఎందుకు లేదని నేను అడగలేదు. పిడికెడు బియ్యం అమ్మిన డబ్బును శ్లాబు పనికి మళ్లించినప్పుడు స్త్రీల సమాజాన్ని మాటవరసకైనా అడగలేదు. ఆ డబ్బుతో వాళ్లు ఒక అనాథ పిల్లను నర్సింగు చదివించాలనుకున్నారని తర్వాత తెలిసింది. ఆ పిల్ల చదువు ఆగిపోయింది. 2020లో లాక్‌డౌన్ వచ్చి మందిరానికి తాళం పడింది. పెద్ద పెద్ద బోధకుల ప్రసంగాలు అందరి ఫోన్లలోనూ వచ్చాయి. జ్వరం వచ్చినవాడి గుమ్మం ముందు బియ్యం, పప్పు పెట్టి, దూరంగా నిలబడి ప్రార్థన చేసి వచ్చింది మాత్రం మన స్త్రీల సమాజమే. వాళ్లు మోస్తున్న సంఘానికి తీర్మానాలు చేసే హక్కు కూడా వాళ్లకుండాలి. ఈసారీ మీ జాబితాలో స్త్రీ పేరు లేదు. చూశాను.

9. పాట కోసం పిల్లల్ని పోగొట్టుకోకండి.

పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు వింటూ పెరిగినవాణ్ని. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం మా ఇంట్లో బైబిలు పక్కనే ఉండేది. కుర్రాళ్లు ప్యాడ్లు, గిటార్లు తెచ్చి కొత్త పాటలు మొదలుపెట్టినప్పుడు నాకు మందిరంలో సినిమా హాలు కనబడింది. ఒక ఆదివారం పాట మధ్యలో లేచి స్విచ్ ఆపేశాను. వాళ్లు గొడవ చేయలేదు. చదువులకని, ఉద్యోగాలకని హైదరాబాదు వెళ్లాక పెద్ద పెద్ద సంఘాల్లో కలిసిపోయారు. ఇప్పుడు క్రిస్మస్‌కు వచ్చి, కానుక వేసి, ఫోటో దిగి వెళ్తారు. పాత కీర్తన వాళ్లకు రాదు. వాళ్లు నేర్చుకోలేదని కోప్పడ్డాను గానీ, నేను పక్కన కూర్చోబెట్టుకుని రాగం నేర్పిందెప్పుడు? స్విచ్ ఆపిన చేతికి తాళం వేయడం రాక కాదు, వేస్తే పెద్దరికం పోతుందనుకున్నాను. ఆదివారానికి ఒక పాత కీర్తన, ఒక కొత్త పాట పెట్టుకోండి. కీర్తన వాళ్ల ప్యాడ్ మీదే వాయించనివ్వండి.

10. చిన్న సంఘం అంటే పెద్దది కాలేకపోయిన సంఘం కాదు.

మిషనరీ శామ్యూల్ డే దొర 1840లో నెల్లూరులో మిషన్ పని మొదలుపెట్టాడు. 1853 నాటికి చేరినవాళ్లు బహు కొద్దిమంది. ఫలితం లేని ఈ మిషన్‌ను మూసేద్దామా అని అమెరికాలో దాన్ని నడిపే సంస్థ పెద్దలు చర్చించారు. పటం మీద అది ఒంటరి నక్షత్రంలా ఉందని ఎవరో అన్నారు. ఎస్.ఎఫ్. స్మిత్ అనే ఆయన ఆ మాట పట్టుకుని పద్యం రాశాడు. మూసేయాలన్న ఆలోచన ఆగింది, మిషన్‌కు లోన్ స్టార్ అన్న పేరు నిలిచింది. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిది మంది. ఇవాళ మన బుధవారం ప్రార్థన కూడికకు వచ్చేవాళ్లు అంతకంటే ఎక్కువే.

ఈ లెక్కలు చెప్పి రేపు వేలమంది వస్తారని ఆశ పెట్టడం లేదు. నేను అలాంటి ఆశతోనే సగం జీవితం పాడుచేసుకున్నాను. పక్క టౌనులో పెద్ద సంఘం చూసి మనల్ని మనం తక్కువ చేసుకున్నాను. పెద్ద మీటింగులు పెట్టి, అప్పులు చేసి, దూరం నుంచి బోధకులను పిలిపించాను. ఆ వారాల్లో మంచంపట్టిన ముసలివాళ్లను ఒక్కరిని కూడా చూడటానికి వెళ్లలేదు. మన సంఘంలో ఎవరు ఆదివారం రాకపోయినా మధ్యాహ్నానికల్లా తెలుస్తుంది. ఎవరు పోయినా గుంట తవ్వడానికి మనవాళ్లే పార పట్టుకుని వస్తారు. ఇంత దగ్గరతనం పెద్ద సంఘాలకు డబ్బు పెట్టినా దొరకదు. దీన్ని వాడుకోవడం చేతకాక, లేనిదాని వెంట పరిగెత్తాను.

చివరిగా ఒక మాట. పై పాఠాలన్నిటిలో ఉన్న పొరపాటు ఒకటే. సంఘాన్ని అడగాల్సిన చోట నేను నిర్ణయించాను, వెళ్లి కూర్చోవాల్సిన చోట నిలబడి ప్రకటించాను. మనల్ని దిద్దడానికి పైనుంచి ఏ అధికారీ రాడు. మీరు ఒకరినొకరు దిద్దుకోకపోతే ఇక దిద్దేవాళ్లు లేరు. నేను చెప్పినవన్నీ ఒక్కరోజులో చేయలేరు. ఈ నెలలో మూడు పనులు చేయండి. వచ్చే జనరల్ బాడీలో గత ఏడాది లెక్కలు పైకి చదవండి, నేను ఉన్నప్పటివి కూడా కలిపి. బల్లకు దూరమై, మానేసి ఇంట్లో కూర్చున్నవాళ్ల జాబితా రాసి, ఇద్దరిద్దరుగా వాళ్ల ఇళ్లకు వెళ్లండి. స్త్రీల సమాజం నుంచి కనీసం ఇద్దరిని డీకన్లుగా ఎన్నుకోవాలన్న తీర్మానం తెండి. ఆ తీర్మానానికి చెయ్యెత్తేవాళ్లలో నేనూ ఉంటాను. మొదటి చెయ్యి మాత్రం మీది కావాలి.